డిగ్రీలో పని జబ్బుల మీద ఒక మైనర్ పెట్టాలనుంది, మన రెండు జిల్లాలకి అందులో ఏముండాలి?

నాగావళి_గట్టు
శ్రీకాకుళం జిల్లాలో ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. 2023 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ వచ్చింది కదా, పిల్లలు ఒక మేజర్ తీసుకుని దానికి తోడు ఒక మైనర్ పెట్టుకోవాలి. మా దగ్గర ఏం జరుగుతోందంటే మ్యాథ్స్ వాళ్ళకి ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్ళకి జువాలజీ, పాత మూడు సబ్జెక్టుల డిగ్రీనే పేరు మార్చి నడుపుతున్నాం. ఈసారి సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆక్యుపేషనల్ హెల్త్ సైన్స్ అని ఒక మైనర్ పెడదాం అన్నాను. చేసే పని వల్ల ఒంటికి వచ్చే జబ్బులేంటి, వాటికి కారణమైన దుమ్ము, చప్పుడు, వేడి, రసాయనాలు ఎంతున్నాయో ముందే కొలవడం ఎలా, తగ్గించడం ఎలా, ఇదీ సబ్జెక్టు. ఒకాయన "అది ఎంబీబీఎస్ వాళ్ళ పని కదా మాస్టారూ" అన్నారు. ఇంకొకరు "ఫైర్ అండ్ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్‌లు సందుకొకటి ఉన్నాయి, మళ్ళీ మనమెందుకు" అన్నారు. చివరికి "ఎవరు చేరతారు" దగ్గర ఆగిపోయింది.

నా బాధ ఏంటంటే పైడిభీమవరంలో ఫార్మా, పలాసలో జీడి, టెక్కలి వైపు గ్రానైట్, అటు విజయనగరం నెల్లిమర్ల బొబ్బిలి జూట్ మిల్లులు, గరివిడి మాంగనీసు, పైన ఉద్దానం కిడ్నీ జబ్బులు, ఇన్ని చుట్టూ పెట్టుకుని ఈ సబ్జెక్టు పేరు కూడా వినకుండా మా పిల్లలు డిగ్రీ పట్టుకుని బయటికెళ్ళి అవే ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు. మూడేళ్ళ డిగ్రీ 120 క్రెడిట్లలో మైనర్‌కి 24 వస్తాయి. ఆ 24లో ఏం పెట్టాలి, ఏం వద్దు? పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

సేఫ్టీ_సూరి
పైడిభీమవరంలోనే ఒక కంపెనీలో ఈహెచ్ఎస్‌లో ఉన్నా. ఫైర్ అండ్ సేఫ్టీ ఉంది కదా అన్నవాళ్ళకి నా మాట చెప్పండి మాస్టారూ. సేఫ్టీ వేరు, హెల్త్ వేరు. రియాక్టర్ పేలడం, పైనుంచి పడిపోవడం, షాక్ కొట్టడం, ఇవి సేఫ్టీ. అదే సాల్వెంట్ వాసన రోజూ కొంచెం కొంచెం పీల్చి పదేళ్ళకి లివరో నరాలో పాడవడం హెల్త్. మొదటిది ఆ రోజే టీవీలో వస్తాది. రెండోది ఉద్యోగం మానేసి ఇంటికెళ్ళాక వస్తాది, అప్పుడు ఏ రిజిస్టర్‌లోనూ వాడి పేరుండదు. మా డిపార్ట్‌మెంట్ పేరులో ఎన్విరాన్‌మెంట్, హెల్త్, సేఫ్టీ మూడూ ఉన్నాయి గానీ మధ్యలో ఆ హెల్త్‌కి ట్రైనింగ్ ఉన్న మనిషి దొరకడు. ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలో హెల్మెట్, బెల్ట్ గురించి గడగడా చెప్తారు. మనిషి పీల్చే గాలిని పట్టే పర్సనల్ శాంప్లింగ్ పంప్ గొట్టం కొస ఎక్కడ తగిలిస్తారు అంటే తెల్లముఖం వేస్తారు. కాలర్ దగ్గర రా బాబూ, ముక్కుకి దగ్గరగా, వాడు పీల్చే గాలి తెలియాలి కదా.

చీపురుపల్లి77
మాస్టారు మంచి ఉద్దేశంతోనే అన్నారు గానీ నేను కాదనే చెప్తా. డిగ్రీ సీట్లే నిండట్లేదు. ఊళ్ళో అమ్మానాన్నలు అడిగేది ఒక్కటే, "ఇది సదివితే ఉద్యోగం వస్తాదా". దానికి మీ దగ్గర జవాబు లేకపోతే కొత్త పేరుతో ఇంకో కోర్సు పెట్టి పిల్లల మూడేళ్ళు తినొద్దు. మా తమ్ముడు ఇలాగే ఒక కొత్త కోర్సులో చేరాడు, రెండో బ్యాచ్‌కి అది మూసేశారు.

పలాస_పిల్ల
ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం గానీ నా సంగతి వినండి. మా అమ్మ జీడి పిక్కలు కొట్టే పనిలోనే నన్ను బీఎస్సీ చదివించింది. పిక్క పెంకులో ఉండే జీడి నూనె చేతికి తగిలితే కాలుతుంది, చర్మం నల్లగా మాడి పొరలు లేస్తుంది. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు, మళ్ళీ పొద్దున్న అదే పని. మా అమ్మకి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ దగ్గర మెషీన్ మీద వేలు పెడితే పడదు, వెనక క్యూలో వాళ్ళు గోల, ఈవిడ చీరకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టడం, మళ్ళీ పడకపోవడం. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. మూడేళ్ళలో ఎన్నో యాసిడ్లు చదివాను గానీ మా అమ్మ చేతులు కాల్చేది అనకార్డిక్ యాసిడ్, కార్డాల్ అని నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు, నేనే ఫోన్‌లో వెతుక్కున్నా. మాస్టారూ, పెట్టండి ఆ కోర్సు.

వంశధార_నీరు
@పలాస_పిల్ల తల్లీ, రేషన్ దగ్గర ఐరిస్ అడగమని చెప్పు అమ్మకి, కంటిపాపతో అయిపోతుంది.
ఒక డౌట్, గ్లోవ్స్ ఇవ్వరా అక్కడ?

పలాస_పిల్ల
ఇచ్చినా వేసుకోరు. కూలి కిలోల లెక్కన. గ్లోవ్స్‌తో పిక్క జారిపోతుంది, చెయ్యి నెమ్మదిస్తుంది, సాయంత్రానికి కూలి తగ్గుతుంది. పైగా గ్లోవ్ లోపలికి నూనె దిగితే రోజంతా చర్మానికి అంటుకునే ఉంటుంది, అది ఇంకా ఘోరం. "వీళ్ళకి అవగాహన లేదు" అంటూ వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్ళేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. అవగాహన లేక కాదు, లెక్క తెలిసే వేసుకోరు.

సేఫ్టీ_సూరి
ఈ అమ్మాయి చెప్పిందే మొదటి పాఠంగా పెట్టండి మాస్టారూ, నేను సీరియస్‌గా అంటున్నా. మా ఫీల్డ్‌లో కంట్రోల్స్‌కి ఒక వరస ఉంటుంది. ముందు ఆ ప్రమాదాన్నే తీసేయగలమా చూడు, లేకపోతే తక్కువ హాని ఉన్నదానితో మార్చు, లేకపోతే మెషీన్, గాలి, మూత పెట్టి మనిషికి దూరం చెయ్యి, ఆ తర్వాత పని గంటలు, వంతులు మార్చు, ఇవన్నీ అయ్యాక ఆఖరున గ్లోవ్స్, మాస్కులు. మన దగ్గర ఆఖరిది మొదట పెట్టి మిగతావి మర్చిపోతారు. కిలో లెక్కన కూలి ఇవ్వడం కూడా జబ్బుకి ఒక కారణమేనని పిల్లలకి తెలియాలి. ఫైర్ అండ్ సేఫ్టీ బ్రోచర్‌లో ఈ సంగతి ఉండదు.

పీహెచ్‌సీ_డాక్టర్
విజయనగరం జిల్లాలో పనిచేస్తున్నా. "ఎంబీబీఎస్ వాళ్ళ పని" అన్న ఆయనకి నా జవాబు. మాకు ఎంబీబీఎస్‌లో ఇది కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక చాప్టర్. ఫ్యాక్టరీ డాక్టర్ అవ్వాలంటే ఆ పైన ఏఎఫ్ఐహెచ్ అని మూడు నెలల కోర్సు విడిగా చెయ్యాలి. అది చేసినా గాల్లో దుమ్ము ఎంతుందో కొలిచేది డాక్టర్ కాదు. అది ఇండస్ట్రియల్ హైజీనిస్ట్ పని, దానికి కెమిస్ట్రీ ఫిజిక్స్ స్టాటిస్టిక్స్ కావాలి, అంటే మీ పిల్లలే.

ఒక కేసు చెప్తాను. రాయి కోసే పనిలో ఉన్న మనిషి దగ్గుతో వస్తాడు, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి, మనకి ముందు గుర్తొచ్చేది టీబీ. మందులు మొదలెడతాం. తగ్గదు. మళ్ళీ కోర్సు. అది సిలికోసిస్ అయ్యుండొచ్చు, లేదా సిలికోసిస్ మీద టీబీ, ఎందుకంటే సిలికా దుమ్ము పేరుకున్న ఊపిరితిత్తులకి టీబీ తేలిగ్గా పడుతుంది. టీబీకి మందుంది, సిలికోసిస్‌కి తిరిగి బాగుచేసే మందు లేదు, దుమ్ము ఆపడం ఒక్కటే దారి. రోగిని "నువ్వేం పని చేస్తావు" అని అడగమని ఇటలీలో రామజ్జినీ అనే డాక్టర్ 1700లోనే రాసిపెట్టాడు. మా ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు రాస్తాం, పని రాయడానికి గడి లేదు.

కోటబొమ్మాళి_సంత
డాక్టరు గారూ మా బాబాయి అలాగే పోయారు. గ్రానైట్ కటింగ్. టీబీ అనే రాసుంది అన్ని కాగితాల్లో. నీళ్ళు పోసి కోస్తే దుమ్ము లేవదని అందరికీ తెలుసు, నీళ్ళు పోస్తే పని బురద బురద అవుద్దని పొడిగానే కోయించీవోరు.

పీహెచ్‌సీ_డాక్టర్
@కోటబొమ్మాళి_సంత చాలా బాధగా ఉందండీ. సిలికోసిస్ అని రాసి ఉంటే ఇంట్లోవాళ్ళు పరిహారం అడగడానికి దారి ఉండేది. ఫ్యాక్టరీల చట్టం 1948లో మూడో షెడ్యూల్ అని ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ ఉంది, అందులో 29 జబ్బులు, సిలికోసిస్ ఒకటి. అందులో ఉన్న జబ్బు కనిపిస్తే యజమానీ, చూసిన డాక్టరూ ఇద్దరూ ప్రభుత్వానికి తెలియజేయాలి. చట్టం ఉంది, గుర్తుపట్టే కన్ను లేదు.

చీపురుపల్లి77
బాధలు నిజమే, నేను కాదనట్లేదు. నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఉద్యోగం?

సేఫ్టీ_సూరి
చెప్తా, ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఈ మైనర్ ఒక్కదానితో సేఫ్టీ ఆఫీసర్ అవ్వరు. దానికి డిగ్రీ, అనుభవం, ఆ పైన గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి, కాలేజీ ఆ మాట అడ్మిషన్ రోజే చెప్పాలి. కానీ పాత చట్టంలో మామూలుగా 1000 మంది వర్కర్లు దాటితేనే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. 2020 ఆక్యుపేషనల్ సేఫ్టీ కోడ్‌లో అది ఫ్యాక్టరీలకి 500కి, ప్రమాదకరమైన ప్రాసెస్ ఉన్నవాటికి 250కి దిగింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్ణయించిన వయసు, వర్గాల వర్కర్లకి ఏటా ఉచితంగా హెల్త్ చెకప్ అని కూడా అందులో ఉంది. చెకప్ చేశాక ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష), స్పైరోమెట్రీ (ఊపిరి పరీక్ష) కాగితాలు చూసి ఏ సెక్షన్ వాళ్ళకి ఏం తగ్గుతుందో లెక్క తీసే మనిషి కావాలి కదా. మా దగ్గర ఆ కాగితాలు ఫైల్‌లో పెట్టి బీరువాలో పడేస్తారు. ఆ లెక్క తీయగల కుర్రాడొస్తే నేనే ముందు రికమెండ్ చేస్తా.

చీపురుపల్లి77
500 అయినా 250 అయినా కాంట్రాక్టర్ల పేరు మీద మనుషుల్ని చీల్చేస్తే రోల్స్‌లో కనపడరు, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అదీగాక పలాసలో చిన్న బట్టీలకి ఈ చట్టాలే తగలవు. పాత చట్టంలో కరెంటు ఉంటే 10 మంది, లేకపోతే 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో దాన్ని 20, 40 చేశారు. అటు ఆఫీసర్లు పెరుగుతారు అన్నారు, ఇటు చిన్నవాళ్ళు లెక్కలోంచి బయటికి పోయారు.

నాగావళి_గట్టు
ఈ పాయింట్ చాలా విలువైంది, చట్టం పేపర్‌లో ఇది పెడతాను. చట్టం ఎవరికి తగులుతుంది, ఎవరిని వదిలేస్తుంది అని.

ఆర్23_బ్యాచ్
నేను విజయనగరంలో బీటెక్ సివిల్. మాకు కూడా మైనర్ ఉంది, 18 క్రెడిట్లు అదనంగా చెయ్యాలి, కానీ అందరూ తీసుకునేది ఏఐ లేదా డేటా సైన్స్. మా సీనియర్లు సైట్‌లకి వెళ్ళి ఎండలో సిమెంటు దుమ్ములో ఉంటారు, కింద మన జిల్లా మేస్త్రీలు కూలీలే వందల మంది ఉంటారు. వాళ్ళకి ఎండదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఇది ఇంజనీరింగ్ పిల్లలకి కూడా ఓపెన్ పెట్టే వీలుందా సార్?

గరివిడి_కుర్రాడు
మా నాన్న ఒక ఫెర్రో అల్లాయ్ ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర చాలా ఏళ్ళు చేశారు. రిటైర్ అవ్వకముందే నడక మారింది, అడుగులు చిన్నవి అయిపోయాయి, చెయ్యి వణుకు, ముఖంలో నవ్వు కనపడదు. పార్కిన్సన్స్ అన్నారు విశాఖలో. మాంగనీసు పొగ ఎక్కువ కాలం పీలిస్తే అలాంటి లక్షణాలే వస్తాయని, స్కాట్లాండ్‌లో 1837లోనే ఒక డాక్టర్ గమనించాడని తర్వాత చదివాను, ఆ మూడో షెడ్యూల్‌లో కూడా మాంగనీసు ఉంది. నాన్నకి అదే అయిందని నేను అనట్లేదు. పార్కిన్సన్స్ ఎవరికైనా రావచ్చు. కానీ ఆయన పనిచేసిన చోట గాల్లో ఎంత మాంగనీసు ఉందో కాగితం మీద ఒక్క అంకె లేదు, నేను అడిగితే లేదన్నారు. ఉంటే అవునో కాదో తేలేది. ఇప్పుడు ఎప్పటికీ తేలదు. చీపురుపల్లి అన్నా, ఉద్యోగం ప్రశ్న సరైందే, కానీ ఆ అంకె రాసే మనిషి మన ఊళ్ళో ఒక్కడు కూడా తయారవ్వకపోతే ఎలాగ?

చీపురుపల్లి77
తమ్ముడూ, నాన్నగారికి ఎలా ఉంది ఇప్పుడు? మీది మా పక్కూరే, కావాలంటే నంబర్ ఇస్తా, విశాఖ తీసుకెళ్ళాలంటే బండి ఉంది.

గరివిడి_కుర్రాడు
థాంక్స్ అన్నా. మందులతో నెట్టుకొస్తున్నారు.

ఉద్దానం_కొబ్బరి
మాస్టారి మొదటి పోస్ట్‌లో ఉద్దానం పేరు చూసి ఆగాను. మాది కవిటి. దయచేసి మా కిడ్నీలని సిలబస్‌లో "పని జబ్బు" అని ఖాయం చేసి రాయకండి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, నీళ్ళంటారు, ఎండలో పనంటారు, పురుగుమందంటారు, వంశంలో ఉందంటారు. ఇంకో మాట. ఎంతమంది వచ్చి రక్తం తీసుకెళ్ళారో, మూత్రం తీసుకెళ్ళారో, చాలామంది రిజల్ట్ కాగితం కూడా ఇవ్వలేదు. మీ స్టూడెంట్లు కూడా ప్రాజెక్ట్ అని క్లిప్‌బోర్డు పట్టుకుని వస్తే మా ఊరోళ్ళు తలుపు వేసుకుంటారు, వాళ్ళ తప్పు లేదు.

పీహెచ్‌సీ_డాక్టర్
ఉద్దానం గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. అయినా సిలబస్‌లో ఉండాలి, తేలని విషయంగానే ఉండాలి. శ్రీలంకలో వరి రైతులకి, ఎల్ సాల్వడార్, నికరాగ్వాలో చెరకు నరికే కూలీలకి ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంది. అక్కడ చెరకు తోటల్లో నీళ్ళు, విశ్రాంతి, నీడ అని మూడిటితో కార్యక్రమం నడిపారు, ఎండలో కష్టం తగ్గిస్తే కిడ్నీకి ఎంత మేలవుతుందో చూడ్డానికి. కారణం పూర్తిగా తేలేవరకు కూర్చోకుండా చేయగలిగింది చేశారు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి కదా, మన పిల్లలు అక్కడ డేటా ఎలా సేకరిస్తారో నేర్చుకోవచ్చు.

ఉద్దానం_కొబ్బరి
అలాగైతే సరే. ఒక్క కండిషన్, ఎవరి దగ్గర ఏం కొలిచినా ఆ అంకె తెలుగులో రాసి వాళ్ళ చేతికి ఇవ్వాలి. ముందు వాళ్ళకి, తర్వాతే మీ రికార్డుకి.

నాగావళి_గట్టు
ఇది మార్కులకి ముడిపెడతాను ఉద్దానం గారూ. ఫీల్డ్ రిపోర్ట్‌లో కొలిచిన మనిషికి ఫలితం చెప్పినట్టు లేకపోతే ఆ రిపోర్ట్ చెల్లదు.

బొబ్బిలి_వీణ
మా మావయ్య జూట్ మిల్లులో లూమ్స్ దగ్గర చేశారు. పెళ్ళిళ్ళలో ఆయన మాట్లాడితే మైకు అక్కర్లేదు, అందరం నవ్వేవాళ్ళం, ఆయన కూడా నవ్వేవారు. చెవుడు అని తర్వాత తెలిసింది. ఇలాంటివి కాలేజీ పిల్లలు కొలవగలరా, లేక పెద్ద మెషీన్లు కావాలా?

సేఫ్టీ_సూరి
చప్పుడు కొలవడం అన్నిటికన్నా తేలిక. మన రూల్స్‌లో 90 డెసిబెల్స్‌లో 8 గంటలు, 95 అయితే 4 గంటలే, 100 అయితే 2 గంటలే. లూమ్స్ పక్కన మీటర్ పట్టుకుని నిలబడితే చాలు, ఎన్ని గంటలు ఎక్కడ నిలబడ్డాడో రాసి, ఒక్కోదాన్ని ఆ చప్పుడుకి ఒప్పుకున్న గంటలతో భాగించి కూడితే డోస్, అంటే చెవి మీద పడ్డ మొత్తం చప్పుడు వస్తుంది, ఇంటర్ లెక్కలు చాలు. చెవి దెబ్బతినడం ముందు 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఆడియోగ్రామ్‌లో అక్కడ గుంట కనిపిస్తుంది. అప్పటికి మాటలు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి మనిషికి తెలీదు. ఆ దశలో పట్టుకుంటే మిగిలిన వినికిడి కాపాడొచ్చు.

భౌతికం_టీచర్
ఖర్చు గురించి భయపడకండి. వేడికి కొలత డబ్ల్యూబీజీటీ, ఫిజిక్స్ ల్యాబ్‌లోనే తయారు చెయ్యొచ్చు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ ఒకటి, 15 సెంటీమీటర్ల రాగి గోళానికి నల్ల రంగు వేసి అందులో పెట్టిన థర్మామీటర్ ఒకటి, నీడలో మామూలుది ఒకటి. ఎండలో అయితే తడిదానికి 0.7, గోళానికి 0.2, మామూలుదానికి 0.1 వేసి కూడాలి. మన దగ్గర ఉక్కపోతలో తడి థర్మామీటర్‌కి అంత బరువు ఎందుకో పిల్లలకి చెమట గురించి చెప్తే అక్కడే అర్థమైపోతుంది. 38 డిగ్రీల శ్రీకాకుళం, 42 డిగ్రీల అనంతపురం కన్నా ఒంటికి ఎందుకు కష్టంగా ఉండొచ్చో కూడా.

వంశధార_నీరు
ఇది చదివాక మే నెలలో మా ఆవిడ వంటగదిలో కొలవాలనిపిస్తోంది. నిజంగానే కొలుస్తా.

పలాస_పిల్ల
కొలిచి అంకె ఆవిడ చేతికి ఇవ్వండి, ఉద్దానం గారి రూల్ 🙂

పొందూరు_నూలు
ఇంటి పని, చేతిపని కూడా మర్చిపోకండి మాస్టారూ. మా ఊళ్ళో సన్న ఖాదీకి వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు, నేల మీద కూర్చుని మెడ వంచి ఏళ్ళ తరబడి. అందరూ ఫోటోలు తీసుకుంటారు, నడుం నొప్పి ఎవరూ అడగరు. వీళ్ళది ఫ్యాక్టరీ కాదు, ఇన్‌స్పెక్టర్ రాడు.

నాగావళి_గట్టు
అందరివీ కలిపి డ్రాఫ్ట్ రాసుకున్నా, చూడండి. మొదటి పేపర్ పనీ ఆరోగ్యమూ, పలాస అమ్మాయి చెప్పిన కిలో కూలి సంగతితో మొదలవుతుంది. రెండోది రసాయనాలు ఒంట్లో ఏం చేస్తాయి, జీడి నూనె, సాల్వెంట్లు, మాంగనీసు, పురుగుమందులు. మూడోది చప్పుడు, వేడి, వెలుతురు, కూర్చునే తీరు. నాలుగు దుమ్మూ ఊపిరితిత్తులూ, గాలి శాంప్లింగ్. అయిదు లెక్కలు, ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కతో వెతకడం), అందులో ఉద్దానం తేలని ప్రశ్నగా. ఆరు చట్టం, పరిహారం, ఈఎస్ఐ, ఎవరు లెక్కలో లేరు అన్నది. ఒక్కోటి 4 క్రెడిట్లు, అందులో ఒకటి ప్రాక్టికల్. క్రెడిట్‌కి 30 గంటల ప్రాక్టికల్ కాబట్టి ఆరు పేపర్లకి 180 గంటలు బయట తిరగొచ్చు. బీటెక్ తమ్ముడు అడిగినట్టు బయటి పిల్లలకి ఓపెన్ చేసే విషయం మా అకడమిక్ కౌన్సిల్‌లో అడుగుతాను, మాట ఇవ్వలేను.

చీపురుపల్లి77
ఆరో పేపర్‌లో ఫారం నింపడం నేర్పండి. పరిహారం దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, ఏ కాగితాలు పెట్టాలి, నిజంగా కూర్చోబెట్టి రాయించండి. అది వచ్చిన పిల్లాడికి ఉద్యోగం ఆలస్యమైనా ఊళ్ళో గౌరవం ఉంటుంది. అది పెడితే మా పాపకి నేనే చెప్తా చేరమని, వచ్చే ఏడు డిగ్రీ.

సేఫ్టీ_సూరి
ఫ్యాక్టరీలు లోపలికి రానివ్వవు, అది ముందే అనుకోండి. శాంప్లింగ్ అంటే అసలే రానివ్వరు. మొదటి ఏడాది జీడి బట్టీలు, వడ్రంగి షాపులు, వెల్డింగ్ షెడ్లు, మీ కాలేజీ ల్యాబ్, క్యాంటీన్‌తో మొదలెట్టండి. గెస్ట్ లెక్చర్‌కి నేను ఆదివారం అయితే వస్తా.

పీహెచ్‌సీ_డాక్టర్
నా ఓపీ చీటీల మీద "పని" అని ఒక రబ్బర్ స్టాంప్ చేయిస్తున్నా. పేర్లు తీసేసి ఏ పని వాళ్ళకి ఏ జబ్బు అని నెలవారీ లెక్క, పై నుంచి అనుమతి తీసుకుని మీ అయిదో పేపర్‌కి ఇస్తాను.

గరివిడి_కుర్రాడు
నాన్న కాగితాలన్నీ ఉన్నాయి, చేరిన తేదీ, ఏ సెక్షన్‌లో ఎన్నేళ్ళు, స్కాన్లు. నాన్నని అడిగాను, పేరు తీసేసి పిల్లలకి చూపించుకోమన్నారు. రెండో పేపర్‌కి పనికొస్తాయా సార్?

నాగావళి_గట్టు
పనికొస్తాయి బాబూ. స్కాన్ చెయ్యొద్దు, జెరాక్స్ తీసి పేరు ఉన్నచోట నువ్వే నల్ల ఇంకు కొట్టి పంపు. అడ్రస్ మెసేజ్‌లో పెట్టాను.

పలాస_పిల్ల
మా అమ్మా వాళ్ళ బట్టీలో ఆడవాళ్ళతో మాట్లాడాను, స్టూడెంట్లు వస్తే మాట్లాడతామన్నారు, మధ్యాహ్నం అన్నాల టైమ్‌కి రమ్మన్నారు, కూలి పోకుండా. చేతులు చూపించడానికి ఆడపిల్లలు వస్తే మేలన్నారు.